నాలుగో అంకె

ఆ ఆఫీసులో మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు.

పట్టపగలు కూడా ఆ వైపు ఒంటరిగా ఎవరూ వెళ్లేవాళ్లు కారు. మంచినీళ్ల కూలరు సరిగ్గా ఆ గది ఎదురుగా పెట్టారు — మండుటెండల్లో కూడా అందరూ ఒక అంతస్తు దిగి తాగొచ్చేవాళ్లు గానీ, దాని జోలికి పోయేవాళ్లు కారు. కొత్తగా చేరినవాళ్లకి జీతం ఎంతో సరిగ్గా తెలిసేలోపే ఆ గది సంగతి తెలిసిపోయేది.

తలుపుకి తాళం. తాళానికి లక్క ముద్ర. ఆరేళ్లుగా ఆ ముద్ర చెక్కుచెదరలేదు. లోపల ఒక పాత కంప్యూటరు మాత్రం ఆరేళ్లుగా వెలుగుతూనే ఉంది — విచారణ అయ్యేదాకా దేన్నీ ముట్టుకోవద్దు, ఆపొద్దు అని పైనుంచి ఆర్డరు. ఆ విచారణేమో ఎంతకీ తెమలదు. తలుపు కింది సందులోంచి సన్నటి నీలం వెలుతురు వరండాలోకి వచ్చి పడుతూ ఉండేది.

వెలుతురుతో గొడవ లేదు. గొడవంతా చప్పుడుతోనే.

రాత్రి రెండు దాటాక... రోజుకి ఒక్కసారే... లోపలినుంచి కీబోర్డు కొట్టిన చప్పుడు వచ్చేది.

టక్... టక్... టక్... టక్...

నాలుగు. లెక్కపెట్టినట్టు నాలుగే. ఆ తర్వాత కాస్త గట్టిగా — ఠప్.

అంతే. మళ్లీ తెల్లారేదాకా చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా ఉండదు.

"ఎలుకలయ్యా, ఎలుకలు!" అని కొట్టిపారేశాడట జీతాల సెక్షన్ గుమస్తా. దానికి రాత్రి వాచ్‌మన్ అన్నాడట — "ఎలుక రోజూ రెండింటికి డ్యూటీకొచ్చి, నాలుగు కీలు కొట్టి, ఎంటర్ నొక్కి పోతుందా సార్? అంత క్రమశిక్షణ మీ సెక్షన్లో ఎవరికైనా ఉందా?"

ఆ వాచ్‌మన్ చెప్పగా విన్నవాళ్లు చెప్పిందే నేను చెబుతున్నాను. మిగతాది కన్వర్షనక్క చెప్పింది. అక్కడక్కడ నా నోటి దురద కాస్త కలిసి ఉండొచ్చు. అంకెలు మాత్రం ఒక్కటీ మార్చలేదు.

కన్వర్షనక్క అంటే ఆ ఆఫీసులో ఫైళ్లు మార్చే మనిషి. ఎప్పుడో పాత ప్రోగ్రాముల్లో దాచిన జాబితాలను కొత్త మెషీన్లు తెరవలేవు. తెరిచినా పిచ్చిగీతలు చూపిస్తాయి. వాటిని బతిమాలి, బుజ్జగించి, కొత్త మెషీన్ చదవగలిగేలా మార్చడమే ఆమె ఉద్యోగం. వయసు నలభై దగ్గరపడుతోంది. ఇంట్లో తనూ, తల్లీ. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే.

ఇంతకీ ఆ ఆఫీసు ఏమిటో చెప్పలేదు కదూ. అది దిక్కులేని శవాల ఆఫీసు.

వంతెనల కింద, రైలు పట్టాల పక్కన, ఆస్పత్రి మెట్ల మీద దొరుకుతారు కొందరు. ఎవరూ రారు. కొన్నాళ్లు చూసి పూడ్చిపెడతారు. పూడ్చేముందు మనిషి ఎలా ఉన్నాడు, ఏం కట్టుకున్నాడు అన్నీ రాసి, ఒక నంబరు ఇస్తారు. పందొమ్మిది అంకెలు. మొదటి పదిహేనూ తేదీ, దొరికిన చోటు, ఆస్పత్రి వార్డు లాంటి వివరాలు. చివరి నాలుగే సమాధి నంబరు. శ్మశానంలో జానెడు సిమెంటు రాయి మీద ఆ నాలుగంకెలే చెక్కి ఉంటాయి. పేరుండదు, ఊరుండదు.

ఆరేళ్ల కిందట, సరిగ్గా ఆ నాలుగంకెలే పోయాయి.

ఆ జాబితాని పాతికేళ్లుగా ఒక పెద్దాయన చూసుకునేవాడు. కొత్తవాళ్లకి పని నేర్పేది ఆయనే కాబట్టి అందరూ మాస్టారు అనేవాళ్లు. నాలుగువేల మూడువందల పన్నెండు మంది. ఒక్కొక్కరిదీ ఒక్కో వరస. ప్రతి వరసా ఆయన చేత్తో టైపు చేసిందే. వివరాలకీ నంబరుకీ మధ్య ఒక కామా — అంతే, అంత సాదా ఫైలు. దాన్ని ఆయన ఎప్పుడూ ఉత్త అక్షరాలు మాత్రమే చూపించే ప్రోగ్రాంలోనే తెరిచేవాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి మొదటిరోజే చెప్పేవాడు — "ఫైలు కనపడగానే డబుల్ క్లిక్ కొట్టకండమ్మా. ముందు అదేమిటో తెలుసుకోండి. తర్వాత దానికి తగిన ప్రోగ్రాంలో తెరవండి. తలుపు తట్టకుండా ఎవరింట్లోకైనా పోతామా?"

ఒకరోజు ఎవరో ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ కొట్టారు. అది గళ్లుగళ్లుగా లెక్కలు వేసే ప్రోగ్రాంలో తెరుచుకుంది. ఆ ప్రోగ్రాంకి పదిహేను అంకెల వరకే గుర్తుంటాయి. ఆ పైన ఏమున్నా సున్నాలు పెట్టేస్తుంది. చెప్పి కూడా పెట్టదు. పైగా పెద్ద నంబరుని వంకరటింకరగా కుదించి చూపిస్తుంది. చూసినవాళ్లెవరో, పాపం, నంబర్లు అందంగా కనపడేలా గడులు సవరించి, సేవ్ చేసేశారు. నాలుగువేల మూడువందల పన్నెండు సమాధులూ ఒక్క క్షణంలో సున్నా సున్నా సున్నా సున్నా అయిపోయాయి.

ఆ రాత్రే బ్యాకప్పు పాత కాపీ మీద ఈ కొత్తదాన్ని రాసేసింది. కాగితం రిజిస్టర్లా? "అంతా కంప్యూటరెక్కింది కదా" అని అంతకు ముందు ఏడే తుక్కుకి వేసేశారు.

మాస్టారి మెషీను. మాస్టారి లాగిన్. ఇంకెవరి మీద పడుతుంది?

విచారణలో ఆయన తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడట. "నాకైతే గుర్తులేదు సార్. కానీ ఇవే చేసుంటాయి. వయసైపోయింది కదా..." అన్నాడట. ఆ తర్వాత — "నంబర్లన్నీ నాకు నోటికొచ్చు సార్. ఒక కుర్చీ వేయించండి చాలు. రోజుకొకటి చొప్పున సరిచేసుకుంటూ వస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. గదికి సీలు పడింది. రిటైరవడానికి ఐదు నెలలుందనగా ఆయన్ని ఇంటికి పంపించేశారు. ఆయనకి సున్నాల మాస్టారు అని పేరు కూడా పెట్టారు.

ఆ పేరు చెప్పుకుని నవ్వుకునే చోట అక్క కూర్చునేది కాదు. పనుందని లేచి వెళ్లిపోయేది.

రెండేళ్లపాటు ఆయన రోజూ వచ్చి, ఆ సీలు తలుపు ముందు కాసేపు నిలబడి వెళ్లేవాడు. తర్వాత రావడం మానేశాడు. ఎందుకా అని ఆరాతీస్తే — పోయాడని తెలిసింది.

చప్పుళ్లు మొదలైంది ఆ తర్వాతే.

ఇక అక్క సంగతి. అక్కకి ఒక తమ్ముడు. పదేళ్ల కిందట, ఇరవై రెండేళ్ల వయసులో, తల్లితో ఏదో మాటా మాటా వచ్చి ఇంట్లోంచి వెళ్లిపోయాడు. "సాయంత్రానికి వాడే వస్తాడులే" అంది తల్లి. ఆ సాయంత్రం ఇంకా రాలేదు. తల్లి ఇప్పటికీ రాత్రిపూట తలుపు గడియ పెట్టదు. దొంగలొస్తారమ్మా అంటే, "దొంగలకి మనింట్లో ఏముందే? వాడొచ్చి తలుపు తడితే నాకు వినపడకపోతే?" అంటుంది. చెవులు నిజంగానే తగ్గాయి ఆవిడకి.

అక్కకి ఈ ఆఫీసులో ఉద్యోగం వచ్చినరోజు తల్లి చెప్పింది ఒకటే — "నా నోట రాకూడని మాటే అనుకో. అయినా, ఆ జాబితాలో ఒకసారి చూడవే."

చూడాలంటే ఆ జాబితా చదవగలగాలి కదా. మాస్టారు వాడిన పాత ఫాంటుకి అక్షరాల అమరిక దానిదే, వేరెవ్వరికీ పట్టదు. ఆ మెషీను వెనక ఒక బుడిపెలాంటి తాళం గుచ్చి ఉంటేనే ఆ ఫాంటు పనిచేస్తుంది. ఇంకే మెషీన్లో తెరిచినా, మనుషుల వివరాలన్నీ చుక్కలూ కొక్కేలూ విరిగిన గీతలూ. అక్క బల్లమీదున్న కొత్త మెషీన్లో ఆ కాపీ ఆరేళ్లుగా అలాగే ఉంది. గది తెరవమని మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడుసార్లూ కుదరదన్నారు.

అలాంటిది, ఒకరోజు సాయంత్రం సూపరింటెండెంటు పిలిచి, "విచారణ మూసేశారమ్మా. రేపు పొద్దున ఎనిమిదింటికి తుక్కు బండి వస్తుంది, ఆ గది ఖాళీ చేసేస్తున్నాం. అందులోంచి మార్చుకునేది ఏమైనా ఉంటే ఈ రాత్రికే మార్చుకో" అన్నాడు.

"రెండు రోజులైనా ఇవ్వండి సార్. ఆ మెషీను ఒకసారి ఆపితే మళ్లీ లేవదు."

"లిస్టు మీద సంతకాలైపోయాయమ్మా. నా చేతుల్లో లేదు."

ఆయన చేతుల్లో ఏది ఉందో ఆ ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఏడింటికి ముద్ర పగలగొట్టారు. తాళం తీసిన వాచ్‌మన్ గడప అవతలే ఆగిపోయాడు. "నేను మెట్ల దగ్గరే ఉంటానక్కా. కేకేస్తే చాలు" అన్నాడు. ఆ గొంతు వింటే, కేకేస్తే కిందికి పరిగెత్తేలాగే ఉన్నాడు.

అక్క లోపలికి వెళ్లింది.

గదంతా ఆరేళ్ల దుమ్ము. బల్లమీద, కుర్చీలో, తెర అంచుల్లో... వేలు పెడితే దిగబడేంత దుమ్ము. మాస్టారి కళ్లద్దాల డబ్బా అలాగే ఉంది. కీబోర్డు మీద అక్షరాలు కూడా కనపడడం లేదు. అంకెల వరస దగ్గర మాత్రం —

అక్క వంగి చూసింది.

అంకెల కీలు శుభ్రంగా ఉన్నాయి. ఎంటర్ కీ కూడా. ఎవరో రోజూ వాడుతున్నట్టు నున్నగా మెరుస్తున్నాయి.

అయినా కూర్చుంది. పదమూడు గంటలే టైముంది, భయపడడానికి అందులో సందులేదు.

ఈసారి డబుల్ క్లిక్ కొట్టలేదు. ఉత్త అక్షరాల ప్రోగ్రాంలో ఫైలు తెరిచింది. చుక్కలూ కొక్కేలూ లేవు. చక్కటి అక్షరాలు, ఒకదాని వెనక ఒకటి... మగ, యాభై దాటిన వయసు, మెడ మీద మచ్చ. ఆడ, వయసు తెలియదు, చేతికి ఎర్ర దారం. మగ, పిల్లవాడు, ఒక కాలికే చెప్పు.

కళ్లు నంబరు గడి మీదికి వెళ్లాయి. అక్కడే ఆగిపోయాయి.

చివర సున్నాలు లేవు.

రెండో వరస చూసింది. సున్నాలు లేవు. మూడు, పది, యాభై. లేవు! ఎనభై ఎనిమిదో వరస కోసం గబగబా వెతికింది. రెండేళ్ల కిందట ఒక ముసలావిడ, చివరి రెండంకెలూ చెరిగిపోయిన భర్త నంబరు చీటీ పట్టుకుని వచ్చి, ఏ సమాధో చెప్పమని ఏడ్చి ఏడ్చి వెళ్లింది. ఆ చీటీ నకలు అక్క పర్సులో ఇంకా ఉంది. తీసి చూసింది. చివర సున్నా ఆరు, ఆపైన చెరుగు. తెర మీద సున్నా ఆరు రెండు ఏడు.

"దేవుడా... అసలు ఫైలు బతికే ఉందా!" అనుకుంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. కిందికి జరుపుతూ పోయింది. మూడువందలు, ఏడువందలు, వెయ్యి... అన్నీ సరైనవే. పన్నెండువందలు. పద్నాలుగువందల పన్నెండు —

పద్నాలుగువందల పదమూడో వరసలో మళ్లీ సున్నాలు.

అక్కడినుంచి చివరిదాకా అన్నీ సున్నాలే.

అక్క ఫైలు వివరాలు తెరిచింది. చివరిసారి మార్చింది — నిన్న. రాత్రి రెండుంబావుకి.

నిన్న రాత్రి ఆ తలుపుకి ముద్ర ఉంది.

ఫోను తీసి, నిన్నటినుంచి వెనక్కి పద్నాలుగువందల పన్నెండు రాత్రులు లెక్క కట్టింది. ఒకటికి రెండుసార్లు కట్టింది. రెండుసార్లూ అదే తేదీ వచ్చింది. అది మాస్టారు పోయిన మర్నాడు.

రోజుకొకటి చొప్పున.

పారిపోదామనిపించింది. కాళ్లు లేచాయి కూడా. కానీ ఆరేళ్ల తర్వాత ఆ జాబితా చదవడానికి వీలుగా కళ్ల ముందుంది, పొద్దున ఎనిమిదింటికి తుక్కు బండి వస్తోంది. లేచిన కాళ్లు మళ్లీ కూర్చున్నాయి.

ముందు ఉద్యోగం చేసింది. ఏ అక్షరానికి ఈ ఫాంటు లోపల ఏ గుర్తు వాడుతోందో ఒక్కొక్కటీ చూసి, పక్కన తన ల్యాప్‌టాపులో పట్టిక రాసుకుంది. ఆ పట్టిక ఉంటే పిచ్చిగీతల్ని తిరిగి మాటల్లోకి తిప్పుకోవచ్చు. ఫైలు కాపీ తీసుకుంది. ఇదంతా అయ్యేసరికి ఒంటిగంట దాటింది.

అప్పుడు... వెతికే గడిలో 'చెవి' అని కొట్టింది.

తమ్ముడికి ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది. చిన్నప్పుడు ఉయ్యాల కొక్కెం తగిలి చీలింది.

ముప్ఫై ఒక్క వరసలు వచ్చాయి. ఒక్కోటీ చదువుతూ, కాదు అనుకున్నప్పుడల్లా ఊపిరి వదులుతూ పోయింది. పదహారు కాదు. పదిహేడోది —

వరస నంబరు రెండువేల తొమ్మిదివందల ఎనిమిది. మగ. ఇరవై నుంచి పాతిక లోపు. ఎడమ చెవి తమ్మెకి పాత చీలిక. నీలం ఊలు స్వెట్టరు, కుడి మోచేతి దగ్గర ఆకుపచ్చ ఊలుతో అల్లిన అతుకు.

ఆ అతుకు అక్క అల్లిందే. నీలం ఊలు అయిపోతే ఉన్న పచ్చ ఊలుతో లాగించేసింది. "మోచేతి మీద చిలకని కూర్చోబెట్టావేమే!" అని వెక్కిరిస్తూనే, అదే వేసుకుని తిరిగేవాడు. వెళ్లిపోయినరోజు కూడా అదే వేసుకున్నాడు.

తేదీ చూసింది. ఇల్లు వదిలిన పదకొండో రోజు.

పదకొండే రోజులు. తల్లేమో పదేళ్లుగా గడియ పెట్టకుండా పడుకుంటోంది.

అక్క ఏడవలేదు. ఏడుపు రావడానికి కూడా ఒక చోటు కావాలేమో, ఆ చోటు కోసం నంబరు గడి వైపు చూసింది. పదిహేను అంకెలు... ఆ తర్వాత సున్నా సున్నా సున్నా సున్నా.

ఎక్కడో ఉన్నాడు. ఈ ఊళ్లోనే, ఒక రాయి కింద. నాలుగువేల చిల్లర రాళ్లలో ఒకటి.

మాస్టారు ఇంకా పద్నాలుగువందల దగ్గరే ఉన్నాడు. ఇలా రోజుకొకటి చొప్పున తమ్ముడి దాకా రావాలంటే ఇంకో నాలుగేళ్లు. ఉన్నదేమో ఒక్క రాత్రి.

సూపరింటెండెంటుకి ఫోను చేసింది. అర్ధరాత్రి దాటాక ఫోనెత్తినవాడికి ఎంత చిరాకుంటుందో అంతా ఆయన గొంతులో ఉంది. "ఆ మెషీను ఒక్కటి ఉంచండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను" అంది. "ఎందుకమ్మా?" అన్నాడు. ఎందుకో చెప్పడానికి అక్కకి నోరు రాలేదు. చచ్చిపోయినాయన వచ్చి టైపు చేస్తున్నాడు సార్, ఆయన పని ఇంకా పూర్తికాలేదు అని ఏ నోటితో చెబుతుంది? ఆయన ఫోను పెట్టేశాడు.

రెండయింది.

అక్క ఆ నాలుగు సున్నాలూ చెరిపేసింది. కర్సరు ఆ ఖాళీలోనే పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మాస్టారూ..." గుసగుసగా అంది. "వరస తప్పమంటున్నాను... తప్పే. ఈ ఒక్కటీ... వీడొక్కడిదీ చెప్పండి. మా అమ్మ ఎదురుచూస్తోంది."

తెర మీద కర్సరు వెలుగుతోంది, ఆరుతోంది.

రెండుంబావు అయింది. ఏమీ లేదు. కిటికీ అవతల ఎక్కడో కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది.

టక్.

అక్క కదల్లేదు. మూడు అంకె ఉన్న కీ దానంతట అదే కిందికి దిగి, పైకి లేచింది. తెర మీద 3 పడింది.

టక్... 1.

గదిలో ఎవరూ లేరు. కుర్చీ చప్పుడు లేదు, ఊపిరి చప్పుడు లేదు. కీ మాత్రం దిగుతోంది — నెమ్మదిగా, ఓపిగ్గా, పాతికేళ్లు అదే పనిచేసిన వేలి కింద దిగినట్టు. తప్పు పడకూడదని ఆలోచించి కొడుతున్నట్టు.

టక్... 8.

ఇంకొక్కటి. ఒక్కటే!

అప్పుడు అక్కకి ఏమైందో ఏమో. ఆ నెమ్మది చూసి తట్టుకోలేకపోయిందో, ఆరేళ్లుగా గొంతులో అడ్డుపడిందే బయటికి తన్నుకొచ్చిందో — నోరు తెరిచి ఏదో అంది. ఒక్క ముక్కే.

చప్పుడు ఆగిపోయింది.

ఒక నిమిషం. పది నిమిషాలు. కర్సరు వెలుగుతోంది, ఆరుతోంది.

"మాస్టారూ?"

మూడయింది. నాలుగయింది. అక్క బతిమాలింది, ఏడ్చింది, బల్లమీద తల పెట్టుకుని దండం పెట్టింది. కిటికీలోంచి తెల్లటి వెలుగు వచ్చింది. 3, 1, 8... దాని పక్కన ఖాళీ.

సరిగ్గా ఎనిమిదింటికి తుక్కు బండివాళ్లు వచ్చారు. ఆ ఆఫీసు చరిత్రలో టైముకి జరిగిన పని అదొక్కటే. "కొంచెంసేపు ఆగండి బాబూ" అంది అక్క. "ఇంకో మూడు ఆఫీసులున్నాయి మేడమ్" అన్నాడొకడు. ఇంకొకడు వంగి ప్లగ్గు లాగేశాడు.

తెర నల్లబడింది. లోపల తిరుగుతున్నదేదో కుయ్యిమని ఆగిపోయింది.

అక్క తెచ్చుకున్న కాపీతో పద్నాలుగువందల పన్నెండు మందికి సమాధులు దొరికాయి. ముసలావిడని పిలిపించి చెప్పారు కూడా. "మెషీన్లో ఎక్కడో అసలు కాపీ కొంత మిగిలిపోయి ఉంటుంది" అని సూపరింటెండెంటు పైకి రాసి, మెప్పు పొందాడు. జీతాల గుమస్తా ఇప్పటికీ ఎలుకలనే అంటాడు. అననివ్వండి.

తుక్కు బండి వచ్చిన మర్నాడు పొద్దున్నే అక్క తల్లిని శ్మశానానికి తీసుకెళ్లింది. ముందురోజు రాత్రి ఇంట్లోనే చెప్పేసింది — చెవి చీలిక, పచ్చ అతుకు, పదకొండో రోజు. తల్లి లేచి వెళ్లి తలుపు గడియ పెట్టుకుని వచ్చింది.

శ్మశానంలో రాళ్లు అంకెల వరసలోనే ఉన్నాయి. మూడువేల నూట ఎనభై నుంచి మూడువేల నూట ఎనభై తొమ్మిది దాకా పది రాళ్లు, ఒక గోడ పక్కన. పదీ ఒక్కలాగే ఉన్నాయి. పదింటి మీదా మోకాలెత్తు గడ్డి.

"ఏదే?" అంది తల్లి.

"ఈ పదిలో ఒకటమ్మా. మూడంకెలే తెలిశాయి."

తల్లి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది. గదిలో జరిగింది అక్క అప్పటికే చెప్పింది, ఒక్క ముక్క తప్ప. తల్లి నమ్మిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు.

"మూడు చెప్పినాయన నాలుగోది ఎందుకు చెప్పలేదే?"

"తెలీదమ్మా. ఆగిపోయాడు."

"ఊరికే ఎందుకాగుతాడు? నువ్వేమైనా అన్నావా?"

చెవులు వినపడని మనిషి, కూతురు మింగేసిన మాట మాత్రం ఎలా విందో మరి. అక్క గడ్డి వైపే చూస్తూ, తల్లికి వినపడేలా, గట్టిగా చెప్పింది.

"ఆ సున్నాలు మీవి కావు మాస్టారూ, నావి... అన్నానమ్మా."

తల్లి ఆమె వైపు తిరిగింది.

"చేరిన రెండోవారం. ఆయన అన్నానికి వెళ్లాడు. జాబితాలో చూడమన్నావు కదా, వీడికోసమే తెరిచాను. డబుల్ క్లిక్ కొట్టాను. నంబర్లు వంకరగా ఉంటే సరిచేశాను. నలభై మందిని చదివానో లేదో, మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడయింది. మూసేయబోతే, సేవ్ చేయాలా అని అడిగింది మెషీను. కంగార్లో అవునన్నాను. తర్వాత ఇంత గొడవయింది... ఆయనేమో తన చేతులే చేసుంటాయన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నానమ్మా. నోరు విప్పలేదు."

గోడమీదినుంచి కాకి ఒకటి లేచిపోయింది. తల్లి ఆ రాయి వైపూ ఈ రాయి వైపూ చూస్తూ, తనలో తను లెక్కేసుకుంటున్నట్టు అడిగింది.

"అంటే ఆయన... తనే చేశాననుకునా, పోయాక కూడా వచ్చి కూర్చున్నాడు?"

"ఊఁ."

"రోజుకొకటి?"

"ఊఁ."

"అయితే ఇంక రాడే" అంది తల్లి. "ఎందుకొస్తాడు?"

అక్క అక్కడే కూలబడిపోయింది. తల్లి ఆమెని లేపలేదు, తిట్టలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పది రాళ్లలో మొదటిదాని ముందు కూర్చుని, గడ్డి పీకడం మొదలుపెట్టింది.